ఖానాపూర్ నుండి కరీంనగర్: యాభై గంటల ఇరవై నిమిషాలు

1991 ఆగస్టు 6, మంగళవారం, ఉదయం 9 గంటల 20 నిమిషాలు. ఖానాపూర్‌లో మా చెల్లెలు రత్నమ్మ వాకిట్లో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తూ ఒక్కసారిగా ఎడమ పక్కకు ఒరిగింది. చాటలోని తంబాకు గచ్చు మీద చల్లుకుపోయింది. కళ్ళు పైకి తేలాయి. కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నేను ముందు గోడ గడియారం చూశాను, తరువాత ఆమెను చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, నాకు ఆ వరుసే అలవాటు.

నేనుండేది భైంసాలో. నా వయసు అరవై ఎనిమిది, రత్నమ్మకు యాభై నాలుగు. వానాకాలంలో పది రోజులు చెల్లెలి దగ్గర ఉండి పోదామని వచ్చాను. ఆమె కొడుకు భీవండీలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది రత్నమ్మ, కోడలు ఎస్తేరు. ఇద్దరిదీ బీడీల పనే. రత్నమ్మ రోజుకు వెయ్యి చేస్తుంది, ఎస్తేరు ఎనిమిది వందలు.

పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమె చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. మా భైంసా వైపు ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. రెండూ చేశాము. కొట్టుకోవడం పదకొండు నిమిషాలకు ఆగింది, అవి పెట్టినందుకు కాదు. ఊళ్ళో సూదులిచ్చే డాక్టరు 9.50కి వచ్చి ఒక ఇంజక్షను ఇచ్చాడు.

"ఫిట్సు ఆగినయ్. ఇగ పండుకుంటది. అయినా లక్సెట్టిపేట పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి, నా మీద పెట్టుకోకుండ్రి" అన్నాడు.

ఫిట్సు ఆగాయి అనే ఆ మాటను మేము కరీంనగర్ దాకా వెంట తీసుకుపోయాము. ఆ దారిలో ఇంకెవరైనా పోవలసి వస్తే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కడెం దారి

జీపు నడిపేవాడు మహబూబ్, యాభై ఏళ్ళవాడు. లక్సెట్టిపేట దాకా మూడు వందల యాభై అడిగాడు, మూడు వందలకు ఒప్పుకున్నాడు. వెనక సీట్లు విప్పి బొంత పరిచి, రత్నమ్మను పడుకోబెట్టాము. తల ఎస్తేరు ఒళ్ళో. 11.10కి బయలుదేరాము. మొదటి అరగంట మహబూబ్ జీపును గుర్రంలా తోలాడు. చినుకులు పడుతున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు నల్లగా తడిసి ఉన్నాయి.

11.45కి ఎస్తేరు అరిచింది. "పెద్దత్తా, జూడుండ్రి! అత్త బీడీ చేస్తున్నది!"

చూశాను. రత్నమ్మ కుడిచేయి కడుపు మీద ఉంది. బొటనవేలు చూపుడువేలి మీద ముందుకూ వెనక్కూ కదులుతోంది. ఆకులో తంబాకు పోసి చుట్టేటప్పుడు ఆడినట్టే. ఎస్తేరు ఏడుస్తూ నవ్వింది.

"మంచిగైతున్నది పెద్దత్తా! అత్తకు తెలివున్నది, పని యాదికొచ్చింది."

మహబూబ్ వెనక్కి తిరిగి చూసి అన్నాడు: "యా అల్లా! చేయి పనిల వడ్డదంటే ఇగ ఫికర్ లేదమ్మా. జర మెల్లగ పోత. గీ గుంతలల్ల ఉరికిస్తే అవ్వ నడుము ఇరుగుతది."

అతడు మంచి మనసుతోనే జీపు మెల్లగా తోలాడు. కడెం వంతెన మీద ఇంకా మెల్లగా పోయాడు. అక్కడ వాగులోకి చిల్లర వేయడం ఆచారం. మేము చర్చికి పోయేవాళ్ళం, మాకు ఆ ఆచారం లేదు. ఎస్తేరు నా వైపు చూడకుండా కొంగు ముడి విప్పి నాలుగణాల బిళ్ళ విసిరింది. నేనూ చూడనట్టే ఉన్నాను.

జన్నారంలో మహబూబ్ టీకి ఆపాడు. టీ రూపాయి, మిరపకాయ బజ్జీలు రూపాయికి నాలుగు. మా భైంసాలో బజ్జీతో పాటు పచ్చిమిరపకాయలు దంచి చేసే ఠేచా పెడతారు, ఇక్కడ ఉల్లిగడ్డ ముక్కలు పెట్టారు. ఎస్తేరు ముట్టలేదు. మహబూబ్ బతిమాలితే ఒకటి తిన్నది. ముప్పై అయిదు నిమిషాలు అక్కడ కూర్చున్నాము. వేళ్ళు ఆడుతున్నాయి కనుక మాకు తొందర లేదు.

నా పుస్తకంలో రాసుకున్నాను: 11.45, కుడిచేతి వేళ్ళు, నిమిషానికి 72 సార్లు. 1.15, 70 సార్లు.

లక్సెట్టిపేట

2.40కి చేరాము. దవాఖాన పాత కట్టడం, ఎత్తు కప్పు, తలుపులకు ఆకుపచ్చ రంగు. ఆడవాళ్ళ వార్డులో పదహారు మంచాలు, ఇరవై ఒక్క మంది. రత్నమ్మకు కిటికీ పక్క మంచం దొరికింది. పక్క మంచం మీది బాలింత లేచి కూర్చుని మాకు చోటిచ్చింది.

డాక్టరు కుర్రవాడే కాని ఓపికగలవాడు. కంట్లో బ్యాటరీ లైటు వేసి చూశాడు, అరికాలు గీకి చూశాడు. "ఫిట్సు ఆగిందమ్మా. సూది మత్తు ఉంది, దాంతోనే పడుకుంది. రేపటికి లేస్తది" అన్నాడు.

నేను వేళ్ళు చూపించాను. అతడు వంగి చూసే లోపల నర్సు అడిగింది: "ఏం పని చేస్తదమ్మా ఈమె?"

"బీడీలు" అంది ఎస్తేరు.

"గదే మరి! సార్, ఈ వార్డుల వడే బీడీల ఆడోళ్ళ చేతులు గట్లనే ఆడుతయ్. పోయిన నెల ఒకామె ఆపరేషన్ మత్తుల నర్సు కొంగు వట్టుకొని కట్టలు కట్టింది!"

వార్డంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ మధ్యాహ్నం అంతటికీ మాకు దొరికిన సంతోషం అదే.

సాయంత్రం ఎస్తేరు తన సంచిలోంచి కత్తిరించిన తునికాకు ఒకటి తీసి రత్నమ్మ వేళ్ళ మధ్య పెట్టింది. "చేయి ఖాళీగున్నది పాపం" అంది. ఆకు జారిపోతే మళ్ళీ పెట్టింది. మంచాల మీది ఆడవాళ్ళు వచ్చి చూసి పోయారు. ఒక ముసలామె "నిద్రల గూడ కోడలికి సంపాదించి పెడుతున్నది" అని దెప్పింది. ఎస్తేరు "నా అత్త గట్లాంటిదే" అని గొప్పగా చెప్పింది.

బుధవారం ఉదయం 6.30కి ఎస్తేరు గంజి తెచ్చుకొని తాగుతోంది. ముందు రోజు బజ్జీ తరువాత కడుపులోకి పోయింది అదే. నేను రత్నమ్మ చేతిని చూస్తూ కూర్చున్నాను. ఆకు పొడిపొడిగా నలిగిపోయి ఉంది.

నలభై ఏళ్ళుగా మా చెల్లెలు బీడీ చేయడం చూస్తున్నాను. గడియారం పెట్టి కూడా చూశాను. ఒక బీడీకి ఆమెకు పట్టేది ఇరవై అయిదు సెకన్లు. చుట్టడం అందులో మూడో వంతు. తరువాత దారం కట్టాలి, మూతి మడవాలి. ఈ వేళ్ళు చుట్టడమే చేస్తున్నాయి. ఒక్కసారి కూడా దారానికి పోలేదు, మూతి మడవలేదు. ఎడమచేయి మంచం మీద చచ్చినట్టు పడి ఉంది. ఎడమచేయి లేకుండా బీడీ కాదు. పైగా ఆమె అలసిపోయి ఆగే మనిషి, రాత్రంతా ఆగకుండా ఎవరు చేస్తారు?

ఇది బీడీ కాదు అని నాకు ఆ నిమిషంలో తెలిసింది. పుస్తకంలో రాశాను: 6.30, నిమిషానికి 68. దారం కట్టడం లేదు. మూతి మడవడం లేదు. ఎడమచేయి కదలడం లేదు.

రాసి పుస్తకం మూశాను.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరువాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఎస్తేరు అప్పుడే గంజి తాగింది, మొహంలో కొంచెం కళ కనబడింది. చెబితే ఆమె కూలబడుతుంది అనుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ వేళ్ళు బీడీలు చేస్తున్నాయని నమ్మడం నాకు కూడా కావలసి ఉండింది.

రత్నమ్మ ఇంకా లేవకపోవడం డాక్టరుకు నచ్చలేదు. "కరీంనగర్ తీసుకపోండి. అక్కడ ఒక డాక్టర్ కొత్తగా ఈఈజీ మిషన్ పెట్టిండు. మెదడుల ఏం నడుస్తున్నదో కాగితం మీద గీతలు గీసి చూపిస్తది. ఈ చుట్టుపక్కల నాకు తెలిసింది అదొక్కటే" అన్నాడు.

దగ్గరి దారి రాయపట్నం వంతెన మీదుగా. వంతెన మీదికి గోదావరి నీళ్ళు వచ్చాయని బస్సువాళ్ళు చెప్పారు. ఇక మిగిలింది మంచిర్యాల పోయి రైలు ఎక్కడం. రాత్రి ఊరికి పోకుండా ఆగిన మహబూబే అక్కడిదాకా తెచ్చి దించాడు. డబ్బు ఇవ్వబోతే యాభై మాత్రం తీసుకున్నాడు. "అవ్వ లేసినంక నాకో కట్ట బీడీ పంపుండ్రి, అదే నా కిరాయి" అన్నాడు.

మంచిర్యాల ప్లాట్‌ఫారం

ఒంటిగంటకు రావలసిన ప్యాసింజరు 3.50కి వచ్చింది. ఆ రెండు గంటల యాభై నిమిషాలు రత్నమ్మ ప్లాట్‌ఫారం మీద, తపాలా సంచులు లాగే బండి మీద పడుకుంది. పోర్టరు అడగకుండానే బండి ఇచ్చి "రైలు వచ్చేదాక ఉంచుకోండ్రి" అని పోయాడు. బొగ్గు గాలి, తడి. పడుకున్న మనిషి మొహం మీద నుసి వాలుతుంటే ఎస్తేరు కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

పక్కన ఒక ముసలామె కుంపటి మీద మక్క కంకులు కాలుస్తోంది. కంకి ఎనిమిదణాలు. ఉప్పు, నిమ్మకాయ రుద్ది ఇచ్చింది. భైంసాలో కంకిని ఉడకబెట్టి అమ్ముతారు, కాల్చినది మాకు పొలం దగ్గరే. ఆమెకు నాకంటే వయసు ఎక్కువ. చాలాసేపు మమ్మల్ని చూసి, లేచి వచ్చి రత్నమ్మ మాడు మీద అరచేయి పెట్టింది.

"ఏందే, తల గిట్ల కాలిపోతుంటె సూసుకుంట కూసున్నరు? నూనె వెట్టలే? నువ్వు సదివినదానివేనా?" అని నన్నే అడిగింది.

"బడిల చెప్పినదాన్ని" అన్నాను.

"గందుకే తెల్వది."

తన సంచిలోంచి ఆముదం సీసా తీసింది. తన మోకాళ్ళకు రాసుకునేదట. అరసీసా రత్నమ్మ మాడు మీద పోసి, జుట్టు విప్పి, కుదుళ్ళ దాకా పట్టించింది. నేను డబ్బులు ఇవ్వబోతే నా చేయి తోసేసింది. "కంకుల పైసలు తీసుకున్న గద, సాలు. మనిషికి సేవ జేస్తే పైసలేంది?"

రైలు ఎక్కించేటప్పుడు కాళ్ళ వైపు పట్టుకుని సాయం చేసింది కూడా ఆమే. పేరు అడగలేదు. రైలు కదిలాక గుర్తొచ్చింది.

పెద్దపల్లి దాకా

పెట్టెలో బొగ్గు బాయి కార్మికులు డ్యూటీ దిగి ఇళ్ళకు పోతున్నారు. బెంచీ మొత్తం ఖాళీ చేసి రత్నమ్మకు ఇచ్చి వాళ్ళు నిలబడ్డారు. ఒకడు, చెవుల వెంట్రుకల్లో ఇంకా బొగ్గు పొడి ఉన్నవాడు, ఆమె చేతిని చూసి అడిగాడు: "అవ్వ ఏం జేస్తున్నది నిద్రల?"

"బీడీలు" అంది ఎస్తేరు.

"నిద్రల గూడ డ్యూటీయేనా! మా బాయిల గిట్ల జేస్తే డబల్ హాజరు ఇస్తరు."

అందరూ నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను. గోదావరి వంతెన మీద రైలు పోతోంది. నది మట్టి రంగులో అంచులు కనబడకుండా ఉంది. ఒడిలో పుస్తకం తీసి మళ్ళీ లెక్కపెట్టాను. 4.25, నిమిషానికి 69. ముందు రోజు నుంచి మహా అయితే మూడు నాలుగు సార్ల తేడా. గుండె కూడా ఇంత లెక్కగా కొట్టుకోదు.

ఆ కార్మికుడు దిగేటప్పుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "తప్పుగ అనుకోకమ్మా. మా తమ్మునికి గూడ ఫిట్సే. మొకం సూస్తే తెలుస్తది మాకు. ఎస్తేరక్క నవ్వాలెనని అన్న."

అతడికి ఎస్తేరు పేరు ఎట్లా తెలిసిందో, రెండు స్టేషన్ల లోపల ఆమెతో ఏమేం మాట్లాడాడో నాకు తెలియదు. నేను అప్పటిదాకా లెక్కపెడుతూ ఉన్నాను.

పెద్దపల్లిలో 5.30కి దిగాము. చుట్టూ నాట్లు వేసిన మడులు, స్టేషను బయట రైస్ మిల్లు వేడి ఊక వాసన. మా వైపు నేల నల్లగా ఉండి పత్తి, జొన్న పండుతుంది. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళు నిలిచిన వరి. అంత పచ్చదనం ఆ సాయంత్రం కంటికి బాగుండలేదు. కారు మాట్లాడుకుని ఏడింటికి కరీంనగర్ చేరాము.

కరీంనగర్

అది మేడ మీద ఎనిమిది గదుల చిన్న దవాఖాన. డాక్టరు ఒక పేషెంటును చూడడానికి జగిత్యాల పోయాడు, రాత్రికి అక్కడే. మిషన్ గదికి తాళం. దాన్ని నడిపే యాదగిరి పొద్దున తొమ్మిదింటికి వస్తాడట. నర్సు రత్నమ్మను మంచం మీదికి చేర్పించి, సెలైను పెట్టి, ఊపిరీ నాడీ చూసి "పర్వాలేదు, పండుకున్నది" అంది. అందరూ ఆ మాటే అన్నారు. మేము కింద హోటల్లో అన్నం తిన్నాము, ప్లేటు ఎనిమిది రూపాయలు. పప్పు, పచ్చిపులుసు, ఎస్తేరు వేసుకున్నది రెండు ముద్దలు.

గురువారం తొమ్మిదింటికి యాదగిరి వచ్చాడు. తీగెలు చేతిలో పట్టుకుని రత్నమ్మ తల మీదికి వంగి, వెంటనే వెనక్కి జరిగాడు.

"ఎవరు వోసిండ్రు గీ ఆముదం? గీ నూనెల తీగె అంటుకుంటదా? అంటుకోకపోతె మిషన్ ఏం సూస్తది, నా మొకమా?"

"తల కాలుతున్నదని పోసినం" అన్నాను.

"తల కాలదమ్మా. తల కాలుతదంటె నీళ్ళు పొయ్యాలె గని, ఆముదం వోస్తరా!" అని, తిడుతూనే బకెట్టు తెచ్చాడు.

అతడూ ఎస్తేరూ కలిసి మూడుసార్లు కడిగారు, రెండుసార్లు కుంకుడు రసంతో, ఒకసారి సబ్బుతో. తువ్వాలుతో ఒత్తి, టేబుల్ ఫ్యాను దగ్గర పెట్టారు. పది గంటల అయిదు నిమిషాలకు కరెంటు పోయింది. ఎస్తేరు తాటాకు విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. నలభై అయిదు నిమిషాలు చేయి మార్చకుండా విసిరింది. 10.50కి కరెంటు వచ్చింది. 11.05కి మిషన్ మొదలైంది.

చూడని వాళ్ళకు చెబుతాను. తల మీద అక్కడక్కడ తెల్లటి జిగురు పెట్టి చిన్న చిన్న బిళ్ళలు అంటిస్తారు. ఒక్కొక్క బిళ్ళకు ఒక తీగె. తీగెలన్నీ ఒక పెట్టెలోకి పోతాయి. పెట్టె మీద ఎనిమిది కలాలు, వాటి కింద కాగితం తనంతట తాను జరుగుతూ ఉంటుంది. మెదడులో పుట్టే సన్నటి కరెంటును బట్టి కలాలు కదులుతాయి. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. పడుకున్న మనిషి మెదడు గీతలు మెల్లగా, చెరువులో అలల్లా ఉండాలని యాదగిరి చెప్పాడు.

నాలుగు కలాలు అట్లాగే గీశాయి. తల ఎడమ వైపువి నాలుగు కలాలు ఎగిరెగిరి పడ్డాయి. రంపం పళ్ళ లాగా ఒకదాని వెంట ఒకటి, సిరా కాగితం మీద చిమ్మేటంత జోరుగా. యాదగిరి నోరు మూసుకుని డాక్టరు కోసం మనిషిని పరుగెత్తించాడు.

డాక్టరు అప్పుడే జగిత్యాల నుంచి వచ్చి మెట్లెక్కుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, గడ్డం, చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. కాగితం చూశాడు. తరువాత రత్నమ్మ చేయి చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఈ వేళ్ళు ఎప్పటి నుంచి ఇట్ల ఆడుతున్నయి?"

ఎస్తేరు అంది: "అత్త బీడీలు చేస్తది సార్..."

"ఎప్పటి నుంచి?"

నేను పుస్తకం తెరిచి చదివాను. మంగళవారం 11.45, డెబ్బై రెండు. 1.15, డెబ్బై. బుధవారం 6.30, అరవై ఎనిమిది, దారం కట్టడం లేదు, మూతి మడవడం లేదు, ఎడమచేయి కదలడం లేదు. చదువుతుంటే నా గొంతు నాకే పాఠం చెప్పేదానిలా వినిపించింది.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇది లక్సెట్టిపేటల చెప్పిన్రా?"

"వేళ్ళ సంగతి చెప్పాను. ఈ మూడు ముక్కలు చెప్పలేదు."

అతడు నా చేయి పట్టుకుని కాగితం దగ్గరికి తీసుకుపోయాడు. "జూడండి. వేలు కదిలినప్పుడల్లా కలం ఎగురుతున్నది. ఫిట్సు ఆగలేదమ్మా. మంగళవారం నుంచి నడుస్తనే ఉన్నది. కాళ్ళు చేతులు ఆగినయ్, మెదడు ఆగలే. బయటికి కనబడేది ఈ రెండు వేళ్ళే."

నర్సు ఇంజక్షను తెచ్చింది. డాక్టరు నరంలోకి మెల్లగా, కాగితం వైపు చూస్తూ ఎక్కించాడు. మిషన్ నడుస్తూనే ఉంది. కలాల ఎగురుడు తగ్గింది. మళ్ళీ ఎగిరాయి. ఇంకొంచెం ఎక్కించాడు. ఎడమ నాలుగు కలాలు ఒక్కొక్కటిగా దిగివచ్చాయి.

11.40కి వేళ్ళు ఆగాయి.

ఎస్తేరు మంచం మీదికి దూకింది. "ఆగిపోయినయ్! అత్తా! ఓ అత్తా! సంపిండ్రు! సూది ఇచ్చి మా అత్తను సంపిండ్రు!" రత్నమ్మ చేతిని పట్టుకుని ఆ రెండు వేళ్ళను తనే కదిలించడం మొదలుపెట్టింది. "చెయ్యి అత్తా, జర చెయ్యి, ఒక్క బీడీ చెయ్యి..."

"చెల్లే, తీగెలు గుంజకు!" అని యాదగిరి అడ్డం పడ్డాడు.

డాక్టరు ఎస్తేరు అరచేతిని తీసి రత్నమ్మ గుండె మీద పెట్టాడు. "ఊపిరి ఉన్నదా, జూడు బిడ్డా. ఉన్నదా? పండుకున్నది. రెండు దినాల సంది ఇప్పుడే పండుకున్నది."

ఎస్తేరు చాలాసేపు ఆ అరచేతిని తీయలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రెండు రోజులుగా ఆ పిల్లను బతికించిన వేళ్ళు ఆగడం ఆమెకు చావులా కనబడింది. ఆడడమే ప్రమాదమని ఒక రోజు ముందే తెలిసినదాన్ని నేను.

మెట్ల మీద

ఆ మధ్యాహ్నం డాక్టరు మెట్ల మీద టీ తాగుతుంటే నేను పోయి అడిగాను. బుధవారం పొద్దున నేను చెప్పి ఉంటే లక్సెట్టిపేటలో మిషన్ లేకుండా ఏం చేసేవారు?

"చెప్పి ఉంటే ఆయనకు అనుమానం వచ్చేది. అనుమానం వస్తే ఇంకో సూది ఇచ్చేవాడు. మందు అక్కడ గూడ ఉన్నది" అన్నాడు.

"అప్పుడు ఆమె మెదడులో ఎంత మిగిలేది?"

"అది మిషన్ చెప్పదమ్మా. నేను గూడ చెప్పలేను." గ్లాసు కింద పెట్టాడు. "మీ ఒక్కరి తప్పు గాదు. డాక్టర్ జూసిండు, నర్సు జూసింది. ఫిట్సు వచ్చి పండుకున్న మనిషి నిజంగ పండుకున్నదా లేదా కంటితోని తెల్వదు. ఈ మిషన్ నాకు పాతది దొరికింది, మనిషి గావాలె, గంట గావాలె, కరెంట్ గావాలె, ఆరిన జుట్టు గావాలె. తలుపు కాడికి మనిషి రాంగనే, థర్మామీటర్ పెట్టినట్టు తలకు పెట్టి చూసేది రావాలె. వచ్చేదాక గిట్లనే పోతరు."

శనివారం ఆగస్టు 10 సాయంత్రం రత్నమ్మ కళ్ళు తెరిచింది. ఎస్తేరును చూసి నోరు కదిపింది, మాట రాలేదు. డాక్టరు మెదడు ఎడమ భాగంలో పాత మచ్చ ఏదో ఉండి ఉంటుందన్నాడు, రోజూ వేసుకోవాల్సిన మాత్రలు రాసిచ్చాడు. ఎడమ భాగం మాటలదీ, కుడిచేతిదీ అని చెప్పాడు. పద్నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 24న, గోదావరి తగ్గి రాయపట్నం వంతెన తెరిచాక దగ్గరి దారినే ఖానాపూర్ చేరాము.

నేను భైంసాకు పోలేదు. రోజూ పొద్దున గంటసేపు రత్నమ్మ ముందు కూర్చుని చెంబు, చీపురు, గొళ్ళెం ఒక్కొక్కటీ చూపించి పేరు అడుగుతాను. ఆమెకు కోపం వస్తుంది. ఒకసారి చెంబు నా మీదికి విసిరింది. ఎస్తేరు అంటుంది: "పెద్దత్తా, గామె బడిపిల్లనా? ఇడువుండ్రి." విడవను.

సెప్టెంబరు 30, సోమవారం నాటికి పోయినవి ఇవి.

సమయం: 50 గంటల 20 నిమిషాలు.

అందులో నేను తెలిసీ చెప్పకుండా పోగొట్టినది: 29 గంటల 10 నిమిషాలు.

ఇంట్లో వస్తువుల పేర్లు: చూపించినవి నలభై, పోయినవి ఇరవై ఏడు.

కుడిచేతి బొటనవేలు, చూపుడువేలి పట్టు. రోజుకు వెయ్యి బీడీలు, ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఇంటి మనుషుల పేర్లు: తొమ్మిదింటిలో పోయినవి ఆరు. నా పేరు ఆ ఆరింటిలో ఉంది.